హెడ్మాస్టరు గారి పాప

"ఇవాళ్టికి నాలుగో రోజండీ," అంది ఆమె, పాప పొట్టను మూడు వేళ్లతో తట్టి చూస్తూ. "ఇంకా దొడ్డికి వెళ్లలేదు."

భర్త పాప మొహంలోకి తొంగి చూశాడు. మూడు నెలల పాప కడుపునిండా పాలు తాగి, కాళ్లు ఆడిస్తూ, పైన తిరుగుతున్న ఫ్యానుతో ఊసులాడుతోంది. బెంగ అనేది ఆ మొహంలో ఎక్కడా లేదు. ఉన్నదంతా తల్లి మొహంలోనే ఉంది.

"తల్లిపాలు తాగే పిల్లలు వారం దాకా వెళ్లకపోయినా ఏం కాదని నువ్వే కదా అందరికీ చెప్తావు?" అన్నాడు.

"అది వాళ్ల పిల్లలకి."

ఆమె మామూలు తల్లి అయితే ఇబ్బందే ఉండేది కాదు. పెద్దాసుపత్రి బాలింతల వార్డులో పన్నెండేళ్లుగా నర్సు. అక్కడ ఆమెకు హెడ్మాస్టరని పేరు. బిడ్డ తుమ్మితే ఒకసారి, తుమ్మకపోతే ఒకసారి పరుగెత్తుకొచ్చే కొత్త తల్లుల్ని గుమ్మంలోనే ఆపి, ఒక్క కసురు కసిరి ఇంటికి పంపడంలో ఆమె తర్వాతే ఎవరైనా. "అరవకమ్మా, ఊపిరి తీసుకో, లోకంలో నీ ఒక్కదానికేనా నొప్పులు?" అని కాన్పు గదిలో వందల మందికి బుద్ధులు చెప్పింది. తీరా తన వంతు వచ్చేసరికి ఆమె పెట్టిన కేకలకు కింద గేటు దగ్గరున్న వాచ్‌మన్ రెండంతస్తులు ఎక్కి వచ్చాడు. ఆ ముచ్చట చెప్పుకుని వార్డు ఇప్పటికీ నవ్వుకుంటోంది. ఇక ఈ నాలుగో రోజు సంగతి కూడా తెలిసిందంటే, సెలవు అయ్యాక ఆమె మాటను అక్కడ ఖాతరు చేసేవాళ్లే ఉండరు.

"పోనీ మీ ఆస్పత్రికే వెళ్దాం పద," అన్నాడు భర్త.

"చచ్చినా రాను. ఊరి ఆ చివర ఒక పిల్లల డాక్టరు ఉందట. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు లేరు."

రెండు బస్సులు మారి వెళ్లారు. మెట్లెక్కే ముందు ఆమె మొహానికి మాస్కు తగిలించుకుంది. చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది.

"తల్లి ఏం చేస్తారు?"

"బట్టల షాపులో పని," అంది ఆమె తడుముకోకుండా. మంచినీళ్లు తాగుతున్న భర్తకు పొలమారింది.

లోపల డాక్టరు చిన్నావిడే, ముప్ఫై దాటి ఉంటాయి. "చెప్పండమ్మా, ఏమిటి పాపకి?" అంది.

"నాలుగు రోజులైందండీ, దొడ్డికి వెళ్లలేదు," అంది ఆమె, లేని వినయమంతా తెచ్చుకుని, వినపడీ వినపడనట్టుగా.

"అలాగా. పాపను ఆ తూకం మీద పడుకోబెట్టండి," అని డాక్టరు చేతులు కడుక్కోవడానికి అటు తిరిగింది.

అక్కడే కొంప మునిగింది. పన్నెండేళ్ల అలవాటు చేతుల్లోకి వచ్చేసింది. తూకం మీద గుడ్డ పరిచి, అంకె సున్నాకి తెచ్చి, చిటికెలో పాప బట్టలు విప్పి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి నడుము కింద వేసి పడుకోబెట్టింది. అంకె నిలబడగానే, "ఐదు కిలోల ఎనిమిది వందలు. రాసుకోండి," అని వార్డంతా వినపడే గొంతుతో చదివింది.

భర్త కిటికీలోంచి రోడ్డు మీద వెళ్లే వాహనాలను శ్రద్ధగా చూడసాగాడు.

డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చి చీటీ చూసింది. "ఏ షాపమ్మా మీది? బట్టలు కొంటే పిల్లల్ని తూచి పెడతారా?"

ఇక దాచి లాభం లేదని ఆమెకు అర్థమైంది. "నర్సునండీ," అంది తల వంచుకుని. "బాలింతల వార్డులో."

డాక్టరు పాప పొట్ట నొక్కి చూసింది, గుండె విన్నది. పాప ఆవిడ మెడలోని స్టెతస్కోపు పట్టుకుని లాగి నవ్వింది. "పొట్ట మెత్తగా ఉంది. పాలు బాగా తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఇంకో మూడు రోజులు చూసినా తొందరేం లేదు. ఇదంతా మీకు తెలియదా?"

"అన్నీ తెలుసండీ." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కానీ దీన్ని ఎత్తుకుంటే చాలు, తెలిసిందంతా ఎటు పోతోందో పోతోంది. పొద్దున్నుంచి ఒకటే భయం."

"మరి మీ ఆస్పత్రిలోనే చూపించుకోవచ్చుగా, ఇంతదూరం ఎందుకు?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనండీ? ఇదే మాట మీద వచ్చిన తల్లుల్ని ఎంతమందిని కసిరి పంపించానో లెక్కలేదు."

డాక్టరు పాపకు తానే చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, తల్లి చేతుల్లో పెట్టింది. "ఆ మాస్కు తీసెయ్యండి సిస్టర్, ఇందాక గొంతు విన్నప్పుడే గుర్తుపట్టాను," అంది. "రెండేళ్ల కిందట మావాడు ఐదు రోజులు వెళ్లకపోతే, ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేక, టైలరునని చెప్పి మీ వార్డుకే వచ్చాను. ‘నాలుగు ముక్కలు చదువుకుని ఉంటే ఇలా భయపడేదానివి కాదమ్మా’ అని మీరే కసిరి పంపించారు."