మడతలు విప్పిన గౌను

“రోగాలతో పోరాడాల్సిన తెల్లకణాలు పాప ఒంట్లో ఎదగడం లేదు, అప్పాయమ్మా. ఎదగడానికి కావలసిన జన్యువులన్నీ వాటిలోనే ఉన్నాయి. కానీ మూసుకుపోయి ఉన్నాయి. రక్తం నిండా పసికణాలే,” అంది డాక్టర్ గౌరీశ్వరి.

హార్బర్లో చేపలమ్మే అప్పాయమ్మ నిద్రపోతున్న కూతుర్ని చూసింది. మంచం మీదున్న గౌను అందుకుంది. ఎప్పుడూ అక్క విడిచినవే తొడుక్కునే పాపకి తొలిసారి కొన్న కొత్త గౌను అది. ఎదిగే పిల్ల కదా అని అంచు లోపలికి మడతలు వేసి కుట్టించింది.

“ఇలాగేటమ్మా? గుడ్డంతా ఉంది గానీ మడతలోనే ఉండిపోనాది?”

“అచ్చం అలాగే.”

“ఆ మడత ఇప్పే మందు నేదా?”

“ఇంకా లేదు. ఎక్కడెక్కడో వెతుకుతున్నారు.”

అప్పాయమ్మ ఏడవలేదు. దారాన్ని పంటితో తెంపి, మడతలు ఒక్కొక్కటే విప్పసాగింది.

గౌరీశ్వరి చూడలేకపోయింది. “అంత ఆశ పెట్టుకోకు, అప్పాయమ్మా,” అంది మెల్లగా.

అప్పాయమ్మ తలెత్తలేదు. మడత పడ్డ గీతని అరచేత్తో సాపు చేసింది.

“ఆశేటి డాకటరమ్మా? దీని అక్కకి సరిపోద్దని ఇప్పుతన్నాను.”