దూకిన మనిషి

"ఎంత మంచిగ దూకిండో చూడు," అంది రజిత, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

పక్కన ఆమె మొగుడు జితేందర్ కుంటికాలు ముందుకు చాపుకున్నాడు. గద్వాలలో మ్యాట్నీ ఆట. హాలంతా ఈలలు. తెర మీద హీరో మండుతున్న బురుజు నుంచి ఎగిరి, ఏరు దాటి, అవతలి గోడ మీద నిటారుగా నిలబడ్డాడు. మంట, బురుజు, ఏరు అన్నీ కంప్యూటర్ పనే. గాలిలోకి ఎగిరింది మాత్రం మనిషే. ఏళ్ల తరబడి హీరోలకు డూపుగా దూకినవాడికి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. డూపు ముఖం మీద హీరో ముఖం అతికిస్తారు, అంతే.

నిజానికి ఆ చోట దూకాల్సింది జితేందరే. షూటింగ్ రోజు, ఆకుపచ్చ గుడ్డలు కట్టిన ఫ్లోరులో, నడుముకు తాడు కట్టుకుని దూకాడు. తాడు జారింది. మోకాలు నుజ్జయింది. స్పృహ వచ్చేసరికి దవాఖానలో ఉన్నాడు. తన చోటికి అరుణ్‌ను తీసుకున్నారని అక్కడే తెలిసింది. వనపర్తి నుంచి వచ్చిన అరుణ్‌కు పల్టీ కొట్టడం నేర్పింది, ఫైటర్ల యూనియన్లో చేర్పించింది తనే. అప్పటి నుంచి జితేందర్ అతని ఫోను ఎత్తలేదు. సొంతూరు రాజోలికి తిరిగొచ్చి తన అన్న ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు.

ఈ పొద్దున అరుణే ఇంటికొచ్చాడు. "ఒక్కసారి ఆ సినిమా చూడు అన్నా, తర్వాత జర మాట్లాడాలె," అన్నాడు. రజిత పట్టుబడితే జితేందర్ కదిలాడు. ఇప్పుడు అరుణ్ రజితకు అవతలి కుర్చీలో, తల వంచుకుని కూర్చున్నాడు.

"ఎడమ భుజం వాల్చిండు. నేనైతే వాల్చను," అన్నాడు జితేందర్ మెల్లగా.

"నాకేం కనిపించలే. పిట్ట లెక్కనే ఎగిరిండు."

జితేందర్‌కు ఒళ్లు మండింది. పెళ్లైనప్పటి నుంచీ అతను దూకిన సినిమాలన్నీ చూసింది రజిత. ఒక్కదానికీ ఇంత మాట అనలేదు.

ఇంటర్వెల్‌లో గోడ పట్టుకుని కుంటుకుంటూ బయటికి వచ్చాడు. రజిత వెనకే వచ్చింది. అరుణ్ చాయ్ తెచ్చి చేతికివ్వబోయాడు.

"తాగు అన్నా."

"నాకొద్దు. ఇది చూపించనీకేనా పిలుచుకొచ్చినవ్? నా కాలు పోతే నీకు కలిసొచ్చిందని చెప్పనీకేనా?"

"గట్లనకు అన్నా."

"మరెట్లనాలె? మా ఇంటామె సుత నిన్నే మెచ్చుకోవట్టె. లోపల నాకేమనిపించిందో ఎరికేనా? ఆ దూకినోని కాళ్లు ఇరగాలనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలె."

రజిత అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు.

అరుణ్ చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టాడు.

"నేను దూకలే అన్నా. గోడ దిగినంక కత్తి ఫైటొక్కటే నాది."

"మరెవడు దూకిండు?"

"నాకూ తెల్వకుండె. మొన్న హైదరాబాదుల సినిమా చూసినంకనే అనుమానమొచ్చింది. కంప్యూటర్ పని చేసినోళ్ల తానికి పోయి అడిగిన. ఆ దూకుడు మళ్ల తియ్యనే లేదంట."

"తియ్యకుంటె యాడికెళ్లి వచ్చిందిరా?"

అరుణ్ అతని మోకాలి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"అది నువ్వే అన్నా, పడుడొక్కటి తుడిపేసిన్రు."