ఎర్ర రెక్కల చేప

“గ్లెన్, అది మన చేప కాదురా,” అన్నాడు స్టాన్ గొంతు తగ్గించి.

గ్లెన్ వినిపించుకోలేదు. గాలానికి వేలాడుతున్న జానెడు చేపను ఎండకు తిప్పి చూశాడు. ఒంటి మీద నల్లటి చారలు, వీపున ముళ్ళు, పొట్ట కింద ఎర్రటి రెక్కలు. బిండారా జలాశయంలో ఇన్నేళ్ళుగా ట్రౌట్ తప్ప మరో చేపను చూసి ఎరగడు.

“రెడ్‌ఫిన్,” అన్నాడు.

“సరిగ్గా చూశావా?”

“ముల్లు గుచ్చుకుని నెత్తురు కారుతోంది. ఇంకేం చూడమంటావ్?”

రెడ్‌ఫిన్ ఒకసారి నీళ్ళలో పడిందంటే ట్రౌట్ పిల్లల్ని బతకనివ్వదు. ఇంత పెద్ద జలాశయంలోంచి దాన్ని ఏరిపారెయ్యడం ఎవరి తరమూ కాదు. ట్రౌట్ లేకపోతే ఈ కొండల్లోకి వచ్చేవాడే ఉండడు. అన్నిటికీ మించి, గ్లెన్‌కు ఈ నీళ్ళు తప్ప వేరే లోకం లేదు. జాలరుల సంఘానికి పెద్దగా వీటిని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు.

“ఇదేమన్నా ఎగిరొచ్చిందా?” అన్నాడు పళ్ళు నూరుతూ. “ఎవడో దరిద్రుడు కింది నదిలో పిల్లచేపల్ని పట్టి, ఎరకని బకెట్లో బతికించి తెచ్చి, మిగిలినవి ఇక్కడ పోసి పోయాడు.”

“పడవ అడుగున అంటుకుని వచ్చిందేమో? దాని గుడ్లు దండల్లా నాచుకు చుట్టుకుంటాయని కొత్తవాళ్ళకు నువ్వే చెబుతావుగా.”

“పడవా కాదు, గిడవా కాదు. బకెట్టే. అదెవరిదో కూడా నాకు తెలుసు.”

గ్లెన్ చూపు వెళ్ళిన వైపే స్టాన్ కూడా చూశాడు. జోరాన్ పడవ రేవు వైపు వస్తోంది. జోరాన్ కింది నది ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. మూత బిగించిన తెల్ల బకెట్టు లేనిదే పడవెక్కడు. అందులో ఏముందో ఎవరికీ చూపించడు.

“వాడు వచ్చేలోపు ఇంకో ఎర ఇలా తే,” అన్నాడు స్టాన్, ఏదో ఒకటి అనాలని. గ్లెన్ డబ్బా మూత తీశాడు. స్టాన్ తొంగి చూసి, “ఇదేంట్రా, ఈసారి పురుగులు ఇంత పల్చగా ఉన్నాయి?” అన్నాడు.

“పాడు ఎండలు. పొద్దుటి నుంచి దేవితే ఇవే దొరికాయి,” అన్నాడు గ్లెన్.

తూనీగ పిల్లపురుగును మించిన ఎర ట్రౌట్‌కు లేదు. వాటి కోసం గ్లెన్ తన బావమరిది డారిల్ పొలంలోని కుంటకు వెళతాడు. ఆ కుంటలో చేపనేది లేదు కాబట్టే పురుగులు వేలెడేసి బలుస్తాయని అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. నాచుతో సహా దేవి, ఆ తడి నాచులోనే పొదివి తెస్తాడు. బెండు కింద అవి కాళ్ళాడిస్తుంటే ఎంత బెట్టు చేసే ట్రౌటైనా ఆగలేదు.

జోరాన్ ఒడ్డుకు దిగాడో లేదో గ్లెన్ ఎదురెళ్ళి చేపను కాళ్ళ ముందు పడేశాడు. “ఇదేంటో చెప్పు.”

జోరాన్ మొహం పాలిపోయింది. “అయ్యో... ఇక్కడ దొరికిందా?”

“నాటకాలు చాలుగానీ, బకెట్టు మూత తియ్యి.”

“నా బకెట్టు తియ్యమనడానికి నువ్వెవరు?”

“ఈ నీళ్ళకి కాపలావాణ్ణి!”

జోరాన్ బకెట్టెత్తి బోర్లించాడు. తడి మట్టి, అందులో లుకలుకమంటూ వానపాములు. అంతే.

“ఇవి నా పెరట్లో నేను పెంచుకునేవి. చూపిస్తే అందరూ పెంచుతారని దాచాను,” అన్నాడు. “ఈ ఆనకట్ట కోసం మా నాన్న సొరంగాలు తవ్వాడు గ్లెన్. ఈ నీళ్ళు నేను పాడుచేస్తానా?”

“ఇవాళ వానపాములు. నిరుడు ఏం తెచ్చావో ఎవడు చూశాడు? రేవు గేటు తాళంచెవి ఇచ్చెయ్. ఇకమీదట ఇటు రాకు.”

జోరాన్ జేబులోంచి తాళంచెవి తీసి రాతి మీద పెట్టాడు. ఖాళీ బకెట్టు పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి బయలుదేరే ముందు గ్లెన్ ఎప్పట్లాగే నీళ్ళ అంచున కూర్చున్నాడు. మిగిలిన పురుగుల్ని నాచుతో సహా జలాశయంలోకి కుమ్మరించాడు. బతికున్న ఎరను ఇంటికి తీసుకుపోయి చంపడం అతనికి గిట్టదు.

“తినండిరా నా తండ్రులారా,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “మీకేం కానివ్వను.”

ఇల్లు చేరేసరికి భార్య వెర్నా వెన్నలో చేప ముక్కలు వేయిస్తోంది. గ్లెన్ జరిగిందంతా చెప్పి కడుపు మంట తీర్చుకున్నాడు. చెబుతూనే రెండు ముక్కలు తినేశాడు.

“పాపం, జోరాన్ అలాంటివాడు కాదేమో,” అంది వెర్నా.

“నువ్వూరుకో. అవునూ, ఇదేం చేప? ముళ్ళు లేకుండా భలే ఉంది.”

“తమ్ముడు ఇచ్చిపోయాడు. పిల్లలు బకెట్టు నిండా పట్టారట. రెడ్‌ఫినో ఏదో అన్నాడు. నువ్వు చెబుతున్నది దీని గురించేనా?”

గ్లెన్ చేతిలోని ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. “డారిల్‌కి రెడ్‌ఫిన్ ఎక్కడిది? నదికి వెళ్ళారా?”

“నది దాకా ఎందుకూ? రెండేళ్ళ కిందట వరదొచ్చింది చూడు, అప్పుడే నదిలోంచి ఎక్కేశాయట.”

“ఎక్కడికి ఎక్కాయి?”

వెర్నా పెనం దించి, ఇంకో ముక్క అతని పళ్ళెంలో వేసింది.

“నువ్వు పురుగులు తెచ్చుకునే కుంటలోకే.”