కప్పని శాలువా

సినీగాయకుడు శ్యాంసుందర్ కారు దిగి, తనకు ఆ సాయంత్రం "స్వరసార్వభౌమ" బిరుదు ప్రదానం చేయవలసిన రాజనర్సును దాటుకొని నడిచిపోయాడు.

రాజనర్సు సిరిసిల్ల కళాభిమాన సంఘం అధ్యక్షుడు. వెనుక నుంచి పిలిచాడు.

"సార్, స్వాగతం సార్."

శ్యాంసుందర్ తిరగలేదు.

అద్దం ముందు నిలబడి సాధన చేసిన స్వాగతవచనం, సకల సమాసాలతో సహా, రాజనర్సు గొంతులోనే వీరమరణం పొందింది.

"సారుకు పొగరు బాగనే ఉన్నట్టుంది," అంది కార్యదర్శి శ్రీవాణి. జగిత్యాల నుంచి ప్రత్యేకంగా తెప్పించిన పూలగుత్తి ఆమె చేతుల్లోనే మిగిలింది.

"గంత గొంతున్నోనికి గింత పొగరు ఉండదా మేడం," అన్నాడు కోశాధికారి సంపత్. అతని ఫోను మోగినా శ్యాంసుందర్ పాటే, ఇంటి బెల్లు మోగినా శ్యాంసుందర్ పాటే.

రాజనర్సు క్షమించాడు. సామ్రాజ్యాలు క్షమ మీదే నిలుస్తాయని ఆయన నమ్మకం. ఆయన సామ్రాజ్యం ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఉంది. అందులో ఆడేవి సాంచాలు. మరమగ్గాలను సిరిసిల్లలో అలాగే అంటారు.

చాయకని ఇంటికి తీసుకుపోతే, అతిథి చాయను వదిలేసి నేరుగా ఆ షెడ్డులోకి నడిచాడు.

సాంచాలన్నీ ఒకేసారి ఆడుతున్నాయి. ఆ మోతలో పిడుగు పడినా తన ఉనికి నిరూపించుకోవలసిందే. శ్యాంసుందర్ ఒక సాంచ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు. మూలన నూలు కండెలు చుడుతున్న రాజనర్సు తల్లి లసుమవ్వ తలెత్తి చూసింది. ఆయన ఆమె ఎదుటికి వెళ్లి ఏదో అన్నాడు. ఆమె ఏదో అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు.

గుమ్మంలో నిలబడ్డ రాజనర్సుకు ఒక్క ముక్కా వినపడలేదు. అనుమానంగా తన పట్టు కండువా సవరించుకున్నాడు.

సాయంత్రం సభలో శ్యాంసుందర్ చెప్పులు విడిచి వేదిక ఎక్కాడు. సౌండు బాక్సును తన పక్కకు జరిపించుకున్నాడు. దాని మీద చెయ్యి వేసి పాట ఎత్తుకున్నాడు.

సమాసాల రాజనర్సుకు ఆ క్షణాన ఒక్క సమాసమూ తట్టలేదు.

హాలు బయట చాయ్ బండివాడు స్టవ్వు ఆపేశాడు. పక్క గల్లీలో, కరెంటు పోతే తప్ప ఆగని సాంచాలు ఆగాయి. చేతులకు నూలుపీచు అంటుకొని ఉండగానే మనుషులు వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. తండ్రి పోయిననాడు రాని ఏడుపు రాజనర్సుకు అప్పుడు వచ్చింది. ఎందుకో తెలియలేదు. తుడుచుకోవాలనీ అనిపించలేదు.

పాట ముగిసింది.

"ఇంకొక్కటి సార్," అని హాలంతా ఒక్క గొంతై బతిమాలింది.

శ్యాంసుందర్ అప్పటికే వాళ్లకు వీపు తిప్పాడు. అటునుంచి అటే తెర వెనక్కి వెళ్లిపోయాడు.

శాలువా పట్టుకొని వెళ్లవలసిన ముగ్గురూ దారిలో ఆగి, అక్కడికక్కడే ధర్మాసనం ఏర్పాటు చేశారు.

"నేను మాట్లాడినంతసేపు నా మూతి దిక్కే చూసిండు," అంది శ్రీవాణి. "కండ్లల్లకు సుత కాదు, మూతి దిక్కు. ఆడిమనిషిని గట్ల చూస్తరా?"

"ఎవ్వలు ఫోన్ చేసినా మాట్లాడడట. డ్రైవరే ఎత్తుతడట," అన్నాడు రాజనర్సు. "జనం గంతగనం అడిగితే తిరిగి సుత చూడలే."

"అన్నా, మనం బిరుదు ఇస్తున్నది పాటకు. మనిషికి కాదు."

"శాలువా పాటకు కప్పుతవా సంపత్? భుజాలు మనిషికే ఉంటయి."

"నీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి గదనే. నేను చూసిన."

"తిరిగినయి. గందుకే ఇంకా కోపమస్తున్నది. గసొంటి పాటను గిసొంటోని నోట్లె ఎందుకు పెట్టిండురా దేవుడు?"

 

తీర్పు వెలువడింది: గానానికి నమస్కారం, గుణానికి తిరస్కారం.

తెర వెనుక గదిలో శ్యాంసుందర్ తలుపుకు ఎదురుగా కూర్చొని ఉన్నాడు. రాజనర్సును చూడగానే నవ్వుతూ లేచి, శాలువా కప్పేవాడికి అందేటట్టు భుజాలు కాస్త వంచాడు.

"ఇగ పొయ్యి రాండ్రి సార్," అన్నాడు రాజనర్సు.

శ్యాంసుందర్ ఆయన పెదవులను చూశాడు. ఆయన చేతిలోని శాలువాను చూశాడు. భుజాలు నిటారు చేసుకొని, చేతులు జోడించి వెళ్లిపోయాడు. కారు వచ్చిన దారినే పట్టింది.

ఇంటికొచ్చేసరికి లసుమవ్వ వాకిట్లో అటు తిరిగి కూర్చొని ఉంది. రాజనర్సు పిలవలేదు. ఏళ్లుగా అలవాటైనట్టు చుట్టు తిరిగి ఆమె ఎదుటికి వచ్చాడు, భుజం తట్టాడు, తన ముఖం మీద వెలుతురు పడేలా కూర్చున్నాడు. సాంచాల మోతకు చెవులు పోగొట్టుకున్న తల్లితో సిరిసిల్లలో ఎవరైనా అలాగే మాట్లాడతారు.

"అవ్వా, గా పాటగాడు నీతోని ఏమన్నడు? నన్నేనా మీరిద్దరు నవ్వింది?"

లసుమవ్వ కొడుకు పెదవుల మీది మాటలను ఒక్కొక్కటే ఏరుకుంది.

"నిన్నెందుకు నవ్వుతం కొడుకా. 'నీకు ఏ చెవు పోయింది అవ్వా' అని అడిగిండు. 'రెండు' అన్న. 'నేను సుత పడుసుతనంల భివండిల సాంచాలు నడిపిన, నాయి సుత రెండు పోయినయి' అన్నడు. ముచ్చట పెట్టేటందుకు ఇద్దరికి కలిపి ఒక్క చెవు లేకపాయె అని నవ్వుకున్నం."