వేరు కుంపటి

"నేను కడిగిన గిన్నెలే అక్క మళ్ళీ కడుగుతోంది అత్తయ్యా, నా కళ్ళముందే. ఇక నా వల్ల కాదు. మేం వేరే ఇల్లు చూసుకుంటాం."

చిన్నకోడలు కాపురానికొచ్చి ఇంకా రెండు నెలలు నిండలేదు. ఆమె మడతపెట్టిన బట్టలు తోడికోడలు విప్పి మళ్ళీ మడతపెడుతుంది. ఊడ్చిన గది మళ్ళీ ఊడుస్తుంది. నోరు తెరిచి ఒక్కమాట అనదు. అంటే బాగుండేది, తిరిగి పది అనొచ్చు.

అత్తగారు బఠాణీలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. వేరు కుంపటి పెట్టుకుంటానంటే తనకేం అభ్యంతరం లేదంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"పెద్దది దుకాణం నుంచి రాగానే దానికో కప్పు టీ పెట్టివ్వు. ఈ నెలాఖరు దాకా. అప్పటికీ వెళ్తానంటే సామాను నేనే కట్టిస్తా."

టీ నీళ్ళకే మనుషులు మారిపోతారా అని చిన్నకోడలికి నవ్వొచ్చింది. అయినా పోయేముందు పెద్దావిడ మాట కాదన్న పేరెందుకని ఒప్పుకుంది.

మొదటిరోజు కప్పు అందిస్తే పెద్దకోడలు కప్పునీ ఆమెనీ మార్చి మార్చి చూసింది. కళ్ళు మూసుకుని గటగటా తాగేసి, ఆముదం తాగినట్టు ముఖం పెట్టింది. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు అల్లం దంచి వేసింది. ఆ మర్నాడు చక్కెర తగ్గించింది, పాలు పెంచింది. ఎన్ని చేసినా అదే ముఖం. ఈవిడ చేత ఒక్కసారైనా బాగుందనిపించకపోతే నా పేరు మార్చుకుంటానని పంతం పట్టింది.

ఆ పంతంతోనే రోజూ ఎదురుగా కూర్చునేది. ఊరికే కూర్చుంటే బాగుండదు కాబట్టి ఏదో ఒకటి అడిగేది. పెద్దకోడలు పనిచేసేది చెప్పుల దుకాణంలో. రెండూ ఎడమకాలివే కొనుక్కుపోయి, వారం తర్వాత కాలు నొప్పని వచ్చిన పెద్దమనిషి సంగతి చెప్తే ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఇంతలో చిన్నకోడలికి జ్వరమొచ్చింది. పెద్దకోడలు సెలవు పెట్టి ఇంటిపనంతా తనే చేసుకుంది. సాయంత్రం టీ కూడా తనే పెట్టి తెచ్చింది. అది అచ్చం కుడితినీళ్ళే. ఇన్నేళ్ళ సంసారంలో టీ పెట్టడం రాకపోవడమేమిటో అనుకుంటూనే చిన్నకోడలు చుక్క మిగల్చకుండా తాగింది. పెద్దకోడలు ఆమె తలకింద దిండు సర్దింది. నచ్చక మళ్ళీ సర్దింది. దుప్పటి తీసి మళ్ళీ కప్పింది. ఈసారి కోపం రాలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

నెలాఖరున అత్తగారే గుర్తుపెట్టుకుని, సామాను కట్టించమంటావా అని అడిగింది.

"అక్కను వదిలి నేనెక్కడికీ పోను అత్తయ్యా. గిన్నెలు ఎన్నిసార్లు కడుక్కుంటుందో కడుక్కోనివ్వండి."

"అయితే ఆ మాట మీ అక్కకూ చెప్పు" అంది అత్తగారు. "చిన్నదానితో వేగలేను, వేరు పోతానని నీకంటే ముందురోజే వచ్చి కూర్చుంది. నెలాఖరు దాకా నువ్వేమిచ్చినా కాదనకుండా పుచ్చుకోమన్నాను. పాపం, దానికి చిన్నప్పట్నుంచీ టీ వాసనే పడదు."