చప్పటి బన్ను

"ఉప్పు తగ్గింది."

పెద్దాయన బన్ను తుంచి నోట్లో వేసుకుని, గల్లా ముందే నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

కొట్టులో ఉన్నవాళ్లంతా తలెత్తి చూశారు.

బన్నుల బాబాయికి ఒళ్లు మండింది. వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. ఆయన బేకరీ బన్నులకు అంత పేరు.

కానీ ఆ బన్ను ఆయన తిని నెలలైంది.

కడుపు ఉబ్బరం, నీరసం అని వెళితే, డాక్టరు పరీక్షలు చేసి సీలియాక్ జబ్బని తేల్చాడు.

"గోధుమ, దాంతో చేసే మైదా మీ పేగుకు పడవు. రవ్వంత తిన్నా లోపల దెబ్బే. ఇక జన్మలో ముట్టకూడదు. పిండి దుమ్ము కూడా నోట్లోకి పోనివ్వద్దు."

"నేను బేకరీవాణ్ణి డాక్టరుగారూ."



ఇంట్లో గోధుమపిండి డబ్బా గడప దాటింది. ఆయనకు వేరే గిన్నెలు, వేరే గరిటె వచ్చాయి. బేకరీలో పిండి కలిపే పని పనివాళ్లకు అప్పగించి, మూతికి మాస్కు కట్టుకుని దూరంగా నిలబడేవాడు.

రుచి మాత్రం భార్యను అడిగేవాడు.

"బాగుందండీ," అనేది ఆవిడ.

పాత ఖాతాదారులదీ అదే మాట.

ఈ పెద్దాయన ఒక్కడే వేరు. కొత్తగా వస్తున్నాడు. ఎవరో, ఎక్కడుంటాడో తెలియదు. రోజూ పొద్దున్నే ఒక బన్ను కొనడం, అక్కడే తినడం, ఏదో ఒక వంక పెట్టడం. నిన్న గట్టిపడిందన్నాడు. మొన్న మాడు వాసనన్నాడు.

"నచ్చకపోతే తినకండి," అన్నాడు బాబాయి.

"నచ్చకపోతే వచ్చేవాణ్ణి కాదు నాయనా. ఉప్పు చూసుకో."

"పెద్ద బజారులో బేకరీ ఉందిగా, అక్కడికి వెళ్లండి. నా కొట్టు ముంచడానికి వాళ్లు చాలనట్టు మీరొకరు. రేపటి నుంచి ఈ గుమ్మం ఎక్కకండి."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. మిగిలిన బన్ను జేబురుమాల్లో చుట్టుకుని, చేతికర్ర ఊతంగా మెల్లగా మెట్లు దిగాడు.

మధ్యాహ్నం భార్య భోజనం తెచ్చింది.

"ఒక్క మాట నిజం చెప్పు. ఉప్పు తగ్గిందా?"

గిన్నె మూత తీయబోతూ ఆవిడ ఆగిపోయింది.

"చాన్నాళ్లుగా అంతేనండీ. అసలే నోరు కట్టేసుకుని ఉన్నారు. ఇది కూడా చెప్పి బాధపెట్టడమెందుకని..."

బాబాయి గిన్నె పక్కకు జరిపి లేచాడు.

మర్నాడు దగ్గరుండి ఉప్పు సరిచేయించాడు. తొలి వాయిలో మంచి బన్ను ఒకటి ఏరి పక్కన పెట్టాడు. పెద్దాయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వీధిలో చేతికర్ర చప్పుడైతే చాలు, బాబాయి తలెత్తేవాడు. వెతుక్కుంటూ వెళ్లి క్షమించమందామంటే పేరైనా తెలియదు.

"వస్తార్లెండి," అంది భార్య.

"గుమ్మం ఎక్కొద్దన్నాక ఏ మనిషి వస్తాడే?"

కొన్నాళ్లకు పిండి వ్యాపారి ఒక కబురు తెచ్చాడు. పెద్ద బజారు బేకరీ యజమాని పోయాడట.

ఆయన్ని బాబాయి ఎన్నడూ చూడలేదు. బేరాలన్నీ అటు లాక్కుంటున్నాడని తిట్టుకోవడమే. అయినా ఇద్దరిదీ ఒకే వృత్తి. పలకరించి రావడం మర్యాద అనుకుని వెళ్లాడు.

గుమ్మంలో ఆయన కూతురు ఎదురొచ్చింది.

"మీరు?"

"నాదీ బేకరీయేనమ్మా. బన్నుల బాబాయంటారు."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"లోపలికి రండి బాబాయ్‌గారూ. మీ జబ్బు సంగతి పిండి వ్యాపారి చెప్పినప్పటి నుంచి నాన్నకు మీ గురించే బెంగ. రుచి చూసుకోలేని చేయి ఎక్కడ తప్పుతోందో, జాలిపడి ఎవరూ చెప్పరు అనేవారు."

"నేనెలా ఉంటానో కూడా మీ నాన్నగారికి తెలియదే తల్లీ. మేమెప్పుడూ కలుసుకోలేదు."

ఆ అమ్మాయి పక్కకు తప్పుకుంది.

గదిలో బల్ల మీద దండ వేసిన ఫోటోలోంచి, తాను గుమ్మం ఎక్కొద్దన్న పెద్దాయన బాబాయి వైపే చూస్తున్నాడు.