పండితే ప్రయాణం

టైలరు పెరట్లో బోర్లా పడుకుని, గడ్డం నేలకానించి మొక్క మొదలు చూస్తున్నాడు.

ఐదు కుండీల్లో మూడు ఎప్పుడో ఖాళీ అయ్యాయి. నాలుగోదానికి నిన్న వేరు కుళ్ళింది. మిగిలింది ఒక్కటి. అదీ తల వేలాడేసింది.

ఆ స్ట్రాబెర్రీ మొక్కలు అతని భార్య నాటినవి. నాటిన నెలకే ఆమె జ్వరంతో పోయింది. కూతుర్ని చివరిచూపు చూడటానికి వచ్చిన అత్తగారు, పసి మనవరాలిని చంకనేసుకుని, పెరటి గుమ్మంలో నిలబడి తేల్చి చెప్పింది.

"మా అమ్మాయి పెట్టిన మొక్కలు. ఒక్క పండు నోట్లో వేసుకుని మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోతాను అల్లుడుగారూ. మొక్కలన్నీ చచ్చాయనుకోండి, ఆ రోజే బండెక్కుతాను."

ఎనిమిది నెలలైంది.

అత్తా అల్లుళ్ళకు మొదటినుంచీ చుక్కెదురు. ఇద్దరూ కుట్టేవాళ్ళే. అతను సూదితో, ఆవిడ మాటతో. ఇప్పుడు ఆ మాటలూ కరువయ్యాయి. పాప అమ్మమ్మ చంక దిగదు. నాన్న ఎత్తుకోబోతే మొహం తిప్పేసుకుంటుంది.

అల్లుడు మాత్రం మొక్కల చుట్టూ అల్లుకుపోయాడు. పొద్దున్నే ఆకులు తడవకుండా నీళ్ళు పోసేవాడు. తడి ఆరకుండా ఎండుగడ్డి పరిచాడు. పాకిపోయే పిలకలను కత్తిరించాడు. నత్తలు రాకుండా గుడ్డు పెంకులు నలిపి చల్లాడు. కోళ్ళు పెంచే ఆయన దగ్గర ఎరువు కూడా ఎరువు తెచ్చాడు. ఎరువు తెచ్చిన ఎరువును ఎలా తిరిగిస్తాడో ఎవరికెరుక?

పూత బాగానే వచ్చేది. నిలిచేది కాదు. తెల్లగా విచ్చిన పువ్వు రెండోనాటికి మాయం. ఎన్ని పూశాయో, ఎన్ని పోయాయో అతనికే లెక్క తేలేది కాదు. అడిగినవాళ్ళకు ఓసారి నత్త అనేవాడు, ఓసారి ఉడత అనేవాడు.

"నీకు పట్టిన తెగులు నత్త కాదు, అత్త," అన్నాడు పక్కింటి ప్లంబరు గోడ మీంచి తొంగిచూసి. "ఒక్క ముసలావిడ్ని సాగనంపడానికి ఇంత సాగు చేసినవాణ్ణి నిన్నే చూశాను. ఇది స్ట్రాబెర్రీ కాదయ్యా, స్ట్రావెర్రి."

టైలరు నవ్వలేదు. లేచి, మట్టి చొక్కాతోనే నర్సరీకి పరిగెత్తాడు. ఈ ఒక్కటీ పోతే తన పని అయిపోయినట్టేనని, ఏదో ఒకటి చెయ్యమని నర్సరీ ఆయన చేతులు పట్టుకున్నాడు. కుండీలో నీళ్ళు నిలిచిపోతున్నాయి, ఇసుక కలిపిన మట్టిలోకి మార్చమన్నాడాయన. మార్చేటప్పుడు పైన వేళ్ళు వణికాయి, కింద వేళ్ళు వణికాయి. ఏవి టైలరువో, ఏవి మొక్కవో చెప్పడం కష్టం.

నాలుగు రోజులకు మొక్క తలెత్తింది. వారం తిరిగేసరికి, ఆకుచాటున ఎవరి కంటా పడకుండా దాక్కున్న పువ్వొకటి పిందె కట్టింది.

దాన్ని ముందు చూసింది అత్తగారే. అల్లుణ్ణి పిలిచి చూపించింది.

"మూడు వారాల్లో ఎర్రబడుతుంది," అందావిడ, గొంతు ఎక్కడా తొణక్కుండా. "మా అబ్బాయికి ఫోన్ చేసి చెప్పండి. వచ్చి తీసుకెళ్తాడు."

"అలాగే అత్తయ్యా."

"పాపకి తినిపించేటప్పుడు కథ చెప్పాలి. లేకపోతే మింగదు. మీకు కథలు రావు."

"నేర్చుకుంటాను."

అతను ఫోన్ చేశాడు. బావమరిది సంతోషించాడు, వచ్చే తేదీ కూడా చెప్పాడు. ఆ సాయంత్రం టైలరు ఒక చొక్కాకు రెండు చేతులూ ఒకే పక్కన కుట్టి, విప్పి, మళ్ళీ అదే పక్కన కుట్టాడు.

మర్నాడు తెల్లవారుతూనే, ఇన్నాళ్ళూ పూలను గిల్లేసినట్టే ఆ పిందెనూ గిల్లెయ్యడానికి పిల్లిలా పెరట్లోకి దిగిన టైలరుకు, దాన్ని అప్పుడే గిల్లి గుప్పిట్లో దాచుకుంటున్న అత్తగారు ఎదురైంది.